పక్కింటి ఓవెన్లో టర్కీ, మా ఇంట్లో మార్గశిర లక్ష్మీవారం: నా అనుభవం

నవంబర్ 4న మా పక్కింటి పెద్దావిడకి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయింది. ఆవిడకి 78 ఏళ్లు. భర్త పోయి మూడేళ్లయింది. కూతురు ఆరెగన్‌లో ఉంటుంది, ఈసారి థ్యాంక్స్‌గివింగ్‌కి (అమెరికాలో ఇంటిల్లిపాదీ కలిసి టర్కీ కోడి వండుకు తినే పండగ) రాలేనని చెప్పేసింది. ఆపరేషన్ అయిన వారానికి పలకరిద్దామని వెళ్తే వాకర్ పట్టుకుని వంటింట్లో నిలబడి ఉంది. "ఈ ఏడాది థ్యాంక్స్‌గివింగ్‌కి ఫ్రీజర్లో ఉన్న డబ్బా ఒకటి మైక్రోవేవ్‌లో పెట్టుకుంటాను, హనీ" అంది. ఆవిడ మామూలుగానే అంది. ఇంటికొచ్చాక నాకే మనసు మనసులో లేదు.

2018లో మా పాప పుట్టినప్పుడు మా అమ్మకి వీసా రాలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాడు ఈవిడే గాజు గిన్నె నిండా చికెన్ నూడుల్ క్యాసరోల్ (అన్నీ ఒకే గిన్నెలో కలిపి ఓవెన్లో కాల్చే వంట) పట్టుకొచ్చింది. పైన ఫాయిల్ కప్పి, దాని మీద టేపు అంటించి "350 డిగ్రీలు, 20 నిమిషాలు" అని రాసింది (ఇక్కడ అన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే). అందులో కారం లేదు, మసాలా లేదు. అచ్చం మన బాలింత పథ్యంలా మెత్తగా, వేడిగా ఉంది. రెండు రోజులు అదే తిన్నాను. ఆ గిన్నె రుణం నాకు ఇన్నేళ్లూ గుర్తుంది.

అందుకే ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను, ఈసారి ఆవిడ పండగ వంట మొత్తం నేనే చేస్తానని. అమెరికాలో ఈ ఒహాయో రాష్ట్రానికి వచ్చి పదకొండేళ్లయినా నేను ఒక్కసారి కూడా టర్కీ వండలేదు. ఆఫీసు పాట్‌లక్‌లలో (అందరూ తలా ఒక వంట తెచ్చుకునే విందుల్లో) తిన్నాను, అంతే. "అందులో ఏముంది, ఓవెన్లో పెట్టి మర్చిపోవడమేగా" అని మనవాళ్లు చాలామంది అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అసలు ఏం జరుగుతుందో తేదీలతో సహా రాస్తున్నాను.

ముందు ఇంకో చిక్కు. థ్యాంక్స్‌గివింగ్ ఎప్పుడూ నవంబర్ నాలుగో గురువారమే వస్తుంది. 2025లో అది 27వ తేదీ. అదే రోజు మార్గశిరంలో మొదటి లక్ష్మీవారం కూడా. మా అత్తయ్య విశాఖ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి ప్రతి మార్గశిరంలో వెళ్లే మనిషి. ఆ రోజు మా ఇంట్లో నీచు మాటే ఉండదు. ఈ సంగతి అత్తయ్యకి ఎలా చెప్పాలా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చివరికి చెప్తే ఆవిడ కాసేపు ఆలోచించి, "పండగ పూట పెద్దావిడని ఒంటరిగా వదిలేస్తే అమ్మవారు మెచ్చుతుందా? ఆ పక్షి వాళ్లింట్లోనే వండు అమ్మాయ్. స్నానం చేసి వచ్చి హారతికి నిలబడు" అన్నారు. అలా టర్కీ, గ్రేవీ పక్కింటి వంటింట్లో, మాకరోనీ చీజ్, బంగాళాదుంప ముద్ద మా వంటింట్లో చేయాలని తేలింది.

నవంబర్ 15, శనివారం మాకరోనీ చీజ్ మొదటి ప్రయత్నం. వెన్నలో మైదా వేయించి, పాలు పోసి, చిక్కబడ్డాక చీజ్ కలపడమే కదా అనుకున్నాను. తురిమి సంచిలో అమ్మే చెడ్డార్ రకం చీజ్ వాడాను. సాస్ ఇసుకలా పలుకులు పలుకులుగా వచ్చింది, పైన నూనె తేలింది. పాప ఒక ముద్ద తిని గిన్నె పక్కకి జరిపేసింది. గిన్నె తీసుకెళ్లి పెద్దావిడకి చూపించాను. ఆవిడ స్పూన్‌తో ఒకసారి కలిపి చూసి రెండు తప్పులు చెప్పింది. తురిమిన చీజ్ ఒకదానికొకటి అంటుకోకుండా దానికి పిండి పదార్థం, సెల్యులోజ్ పొడి పట్టిస్తారట. అది సాస్‌లో సరిగ్గా కరగదు. రెండోది, నేను సాస్ కుతకుత ఉడుకుతుండగానే చీజ్ వేశాను. పొయ్యి మీద నుంచి దించి, ఒక నిమిషం ఆగి, గుప్పెడు గుప్పెడుగా వేయాలట.

19న మళ్లీ చేశాను. షార్ప్ చెడ్డార్ గడ్డలు ఒక్కోటి 8 ఔన్సులవి రెండు కొని ఇంట్లోనే తురిమాను. ఇక్కడ శాకాహారుల కోసం ఒక మాట. చీజ్ చేసేటప్పుడు పాలు విరగడానికి వాడే రెన్నెట్ కొన్నిట్లో దూడ పొట్ట నుంచి తీసినది ఉంటుంది. అత్తయ్య తింటారు కాబట్టి లేబుల్ మీద మైక్రోబియల్ రెన్నెట్ అని ఉన్నది వెతికి తెచ్చాను. షాపులో ఆ ఒక్క వరస ముందే ఇరవై నిమిషాలు పట్టింది. ఒక పౌండు మాకరోనీని పెట్టె మీద రాసిన దానికన్నా రెండు నిమిషాలు ముందే దించేశాను, ఓవెన్లో మిగతాది ఉడుకుతుంది కాబట్టి. 350 డిగ్రీల దగ్గర 25 నిమిషాలు. ఈసారి సాస్ పట్టులా జారింది. పాప రెండుసార్లు వేయించుకుంది.

అదే రోజు బంగాళాదుంపలు కూడా పరీక్షించాను. ఉడికించిన దుంపల్ని సగం మిక్సీలో వేశాను, తొందరగా అవుతుందని. దుంపలోని గంజి అంతా బయటికొచ్చి జిగురులా సాగింది, తినలేకపోయాం. మిగతా సగం మన పప్పుగుత్తితో మెదిపాను. చాలా బాగా వచ్చింది. ఉడికిన దుంపల్ని వార్చేశాక ఖాళీ గిన్నెలోనే రెండు నిమిషాలు సన్న సెగ మీద తడి ఆర్చాలి. పాలు వేడిగా పోయాలి, వెన్న ముందు వేయాలి. ఇవి పాటిస్తే చాలు.

టర్కీ 18న కొన్నాను. 14 పౌండ్ల ఫ్రోజెన్ పక్షి, పౌండు 99 సెంట్లు, దగ్గర దగ్గర 14 డాలర్లు. నేను భయపడినంత ఖరీదు పక్షిది కాదు, దాని చుట్టూ ఉన్నవాటిదే. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటర్ 16 డాలర్లు, పెద్ద ఫాయిల్ ట్రే 5, చీజ్, వెన్న, క్రీమ్, దుంపలు, బీన్స్, పంప్కిన్ పై (గుమ్మడి గుజ్జుతో ఓవెన్లో కాల్చే తీపి వంట) సామాను అన్నీ కలిపి మొత్తం 92 డాలర్లయింది. థర్మామీటర్ మాత్రం మానకండి. అది లేకపోతే ఆ రోజు నేను పచ్చి మాంసం వడ్డించేదాన్ని. ఎలాగో కింద చెప్తాను.

కవరు మీద ఒక చిన్న అక్షరాల వాక్యం ఉంది, పెద్దావిడ చెప్తే గానీ నేను చూడలేదు. పక్షిలోకి ముందే ఉప్పు నీళ్లు ఎక్కించి ఉన్నాయని. ముందు రోజు ఉప్పు రుద్ది ఫ్రిజ్‌లో పెట్టాలని ఎక్కడో విని నేను అరకప్పు ఉప్పు కొలిచి ఉంచుకున్నాను. "ఈ పక్షికి అది వేస్తే నోట్లో పెట్టుకోలేం" అంది. ఉప్పు నీళ్లు ఎక్కించని టర్కీ కొంటే ఆ పద్ధతి, ఇలాంటిది కొంటే వెన్న, మిరియాలు చాలు.

22, శనివారం రాత్రి 9కి ఆవిడ ఫ్రిజ్‌లో అడుగు అరలో, కింద ట్రే పెట్టి దాన్ని ఉంచాను. ప్రతి 4, 5 పౌండ్లకి ఒక రోజు చొప్పున కరగడానికి పడుతుందన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే లెక్క. ఆ లెక్కన నాలుగు రోజులు సరిపోవాలి. రోజూ సాయంత్రం ఆఫీసు అయ్యాక వెళ్లి నొక్కి చూసేదాన్ని. సోమవారం రాయి. మంగళవారం పైన మెత్తగా, లోపల రాయి. బుధవారం మధ్యాహ్నం బాగానే ఉందనిపించి ఊపిరి పీల్చుకుని పంప్కిన్ పై పనిలో పడ్డాను.

ఆ పంప్కిన్ పై కూడా ఒక చిన్న పాఠం. గుమ్మడి గుజ్జు డబ్బా అని మా ఆయన తెచ్చినది అప్పటికే పంచదార, మసాలా కలిపి అమ్మే రకం. రెండు డబ్బాలూ ఒకే రంగులో, ఒకే అరలో పక్కపక్కనే ఉంటాయి. ఒట్టి గుమ్మడి గుజ్జు మాత్రమే ఉన్న 15 ఔన్సుల డబ్బా కోసం మళ్లీ షాపుకి పరిగెత్తాం. థ్యాంక్స్‌గివింగ్ ముందు రోజు సాయంత్రం లైనులో 35 నిమిషాలు నిలబడ్డాం. పంప్కిన్ పై 425 దగ్గర 15 నిమిషాలు, తర్వాత 350 దగ్గర 45 నిమిషాలు కాల్చాను. మధ్యలో కొంచెం జున్నులా వణుకుతుండగానే తీసేయాలి. పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే చల్లారాక నెర్రెలిస్తుంది. దాల్చినచెక్క, లవంగం, అల్లం, జాజికాయ వాసన ఇల్లంతా పట్టేసింది. అత్తయ్య గుమ్మడికాయ దప్పళం గుర్తు చేసుకున్నారు. గుడ్లు పడ్డాయి కాబట్టి ఆవిడ తినలేదు.

రాత్రి పదిన్నరకి టర్కీ కడుపులోకి చెయ్యి పెట్టి చూశాను. లోపల ఐసుగడ్డ. మెడ ముక్క, గుండె, కందనకాయ, కార్జం ఉన్న చిన్న సంచి అందులో ఇరుక్కుపోయి ఊడి రావడం లేదు. నిజం చెప్తున్నాను, అక్కడే సింక్ దగ్గర నిలబడి ఏడ్చేశాను. వారం రోజులుగా ఆఫీసు పని, ఇంటి పని, దీని వెంట తిరగడం, అన్నీ ఒకేసారి మీద పడ్డట్టయింది. పెద్దావిడ వాకర్ పట్టుకుని నెమ్మదిగా వచ్చి నా వీపు మీద చెయ్యి వేసింది. "ప్రతి ఏడాదీ ఎవరో ఒకరింట్లో ఇది జరుగుతూనే ఉంటుంది, హనీ. పొద్దున చల్లనీళ్లలో వేద్దాం. పడుకో పో" అంది. నీళ్లలో కరిగించినదాన్ని వెంటనే వండేయాలి, అందుకే రాత్రే మొదలుపెట్టొద్దంది.

గురువారం తెల్లవారుజామున 4:30కి వాళ్లింటి తాళం తీసుకుని వెళ్లాను. బయట చలి ఎముకలు కొరికేస్తోంది. సింక్ నిండా చల్లనీళ్లు పోసి, విప్పిన కవరు మళ్లీ గట్టిగా బిగించి పక్షిని ముంచాను. ప్రతి అరగంటకీ నీళ్లు మార్చాలి. గోరువెచ్చని నీళ్లు వాడకూడదు, బయటి మాంసం పాడవుతుంది. నాలుగుసార్లు మార్చాను. మధ్యలో బీన్స్ తరిగాను. 6:30కి చిన్న సంచి ఊడి చేతిలోకి వచ్చింది. ఆ క్షణంలో కలిగిన తేలిక మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా కష్టమైన సంగతి. కడగకూడదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి కోడిని ఉప్పు, పసుపు వేసి మూడు నీళ్లు కడగందే పొయ్యి ఎక్కించని ఇంట్లో పెరిగాను. ఇక్కడ పచ్చి కోడి, టర్కీ కడగొద్దని వ్యవసాయ శాఖే చెప్తుంది, చిమ్మిన నీళ్లతో సూక్ష్మక్రిములు సింక్ చుట్టూ పాకుతాయి కాబట్టి. మనసు ఒప్పుకోలేదు, కానీ వంట ఆవిడది, పద్ధతి ఆవిడదే. పేపర్ టవల్స్‌తో లోపలా బయటా తడి లేకుండా ఒత్తాను. తడి లేకపోతేనే చర్మం కరకరలాడుతుందట. ఒక చుట్ట మొత్తం అయిపోయింది. చేతులు, సింక్, గట్టు అంతా సబ్బుతో కడిగి, పక్షిని ఫ్రిజ్‌లో పెట్టి ఇంటికి పరిగెత్తాను.

7కి తలస్నానం. అత్తయ్య అప్పటికే ముగ్గు వేసి, పీట మీద అమ్మవారిని నిలిపి, మొదటి వారం నైవేద్యం పులగం వండేశారు. 7:30కి హారతి. బియ్యం, పెసరపప్పు ఉడికిన వాసన, నెయ్యి వాసన పీలుస్తూ నిలబడితే పొద్దుటి అలసట సగం పోయింది. 8కి మళ్లీ చీర మార్చుకుని పక్కింటికి.

చర్మం కింద వెన్న రాసి, కడుపులో ఉల్లిపాయ, సెలరీ, సేజ్ ఆకులు పెట్టి 8:15కి 325 డిగ్రీల ఓవెన్లో పెట్టాను. ఇక్కడ ఫాయిల్ ట్రే సంగతి. ఎత్తగానే మధ్యకి ఒంగిపోయింది, ఒక్క క్షణం ఆలస్యమైతే నేల మీద ఉండేది. దాని కింద గట్టి బేకింగ్ షీట్ పెట్టుకోండి. వేడి కొవ్వు నిండిన తర్వాత అలా ఒంగితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

నేను జేబులో కారం, ధనియాల పొడి, గరం మసాలా ఉన్న చిన్న డబ్బా తెచ్చుకున్నాను. పక్షి మీద కాస్త చల్లుదామని చేతిలోకి తీసుకున్నాను కూడా. పెద్దావిడ వద్దనలేదు. "నీకిష్టమైతే వెయ్యి" అంది. ఆ గొంతు విని డబ్బా మళ్లీ జేబులో పెట్టేశాను. ఆవిడకి కావలసింది యాభై ఏళ్లుగా తింటున్న రుచి. మొదటిసారి చేసేవాళ్లకి నా సలహా ఇదే. ఒక్కసారి వాళ్ల పద్ధతిలో ఏమీ కలపకుండా చేసి చూడండి. మన మసాలా టర్కీ మరో రోజు ఎంచక్కా చేసుకోవచ్చు.

ఓవెన్ పని చేసుకుంటుంటే మెడ ముక్క, కందనకాయ, గుండె నీళ్లలో వేసి సన్న సెగ మీద పెట్టాను, గ్రేవీకి. కార్జం మాత్రం వేయొద్దంది, చేదు వస్తుంది. గ్రీన్ బీన్ క్యాసరోల్ కూడా అప్పుడే కలిపాను. 1955లో క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ వంటశాలలో డార్కస్ రైలీ అనే ఆవిడ తన బృందంతో తయారుచేసిన వంటకం ఇది. మష్రూమ్ సూప్ డబ్బా, పాలు, బీన్స్, పైన వేయించిన ఉల్లిపాయలు, అంతే. పెద్దావిడ వాళ్లమ్మ ప్రతి పండక్కీ చేసేదట. చెప్తూ చెప్తూ ఆ డబ్బాని చేత్తో నిమిరింది.

11:20కి రొమ్ము మీద ఉండే చిన్న ప్లాస్టిక్ బటన్ పైకి లేచింది. అది లేస్తే ఉడికిపోయినట్టే అనుకున్నాను. పాప చప్పట్లు కొట్టింది. నేను తీసేయబోయాను. థర్మామీటర్ తొడలో ఎముకకి తగలకుండా గుచ్చితే 151. మాంసం లోపల 165 రావాలి. ఆ బటన్ రొమ్ము సంగతే చెప్తుంది, తొడ సంగతి దానికి తెలియదు. రొమ్ము మీద ఫాయిల్ కప్పి మళ్లీ లోపల పెట్టాం. 12:05కి తొడ 166, రొమ్ము 171. మొత్తం 3 గంటల 50 నిమిషాలు.

తీసిన తర్వాత కోయకూడదు, ఇంకో 40 నిమిషాలు ఆగాలి. వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి పోయి మాంసం పీచులా మిగులుతుంది. ఆ నలభై నిమిషాల్లోనే గ్రేవీ. ట్రేలో కారిన కొవ్వు నాలుగు చెంచాలు, మైదా నాలుగు చెంచాలు వేసి కమ్మని వాసన వచ్చేదాకా వేయించాను. ఉడుకుతున్న మెడ ముక్క నీళ్లు రెండు కప్పులు కొద్దికొద్దిగా పోస్తూ తిప్పాను. మజ్జిగ పులుసులో శనగపిండి ఉండకట్టకుండా చూసే చెయ్యి ఇక్కడ పనికొచ్చింది. ఒక్క ఉండ కూడా లేదు. పెద్దావిడ గరిటె నాకి చూసి కళ్లు మూసుకుంది. ఏమీ అనలేదు. నాకు అది చాలు.

కోయడం ఆవిడ భర్త పనట. ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్తుంటే మా ఆయన కోశారు. ముందు కాళ్లు కీలు దగ్గర విడదీయాలి, తర్వాత రొమ్ము మొత్తాన్ని ఎముక నుంచి ఒక్క ముక్కగా తీసి అడ్డంగా కోయాలి. 1:30కి కూర్చున్నాం. అత్తయ్య కిటికీ పక్క కుర్చీలో విడిగా కూర్చుని మా ఇంటి నుంచి తెచ్చిన బంగాళాదుంప ముద్ద, మాకరోనీ తిన్నారు. "ఇది ముద్దపప్పులా ఉందే, హాయిగా ఉంది" అన్నారు దుంప ముద్దని. పెద్దావిడకి చిన్న గిన్నెలో పులగం, నెయ్యి ఇచ్చారు. ఆవిడ దాన్ని టర్కీ పక్కనే పెట్టుకుని మొత్తం తినేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటసేపు మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.

మిగిలినవన్నీ రెండు గంటల లోపు డబ్బాల్లో సర్ది ఫ్రిజ్‌లో పెట్టాం. రాత్రి ఏడింటికే పడుకుండిపోయాను.

శుక్రవారం పొద్దున ఎముకలన్నీ ఆవిడ పెద్ద గిన్నెలో క్యారెట్, సెలరీ, ఉల్లిపాయతో మూడు గంటలు మరిగించాం, సూప్ కోసం. ఆ రోజు ఆవిడ గట్టు పట్టుకుని పది నిమిషాలు నిలబడి తనే కలిపింది. సూప్ మరుగుతుండగా రేకు పెట్టె ఒకటి తెరిచింది. నిండా వంటల కార్డులు. టర్కీ కార్డు వెనక ఆవిడ భర్త పెన్సిల్‌తో ఏడాది, పౌండ్లు, పట్టిన సమయం వరసగా రాసుకుంటూ వచ్చాడు. ఆఖరిది 2021. నాకు పెన్సిల్ ఇచ్చి తను చెప్తుంటే రాయమంది. "2025. 14 పౌండ్లు. 3 గంటల 50 నిమిషాలు. కడుపులో ఐస్ ఉందేమో బుధవారం పొద్దునే చూడాలి." రాశాక కార్డు కళ్ల దగ్గర పెట్టుకుని చదివి, మీ లిపిలో కూడా రాయి అంది. దాని కింద తెలుగులో రాసి ఇచ్చాను.